ఇంగ్లీషు నౌన్ పక్కన ఏ ప్రిపోజిషన్ వాడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ, బీటెక్ పిల్లలకు, ఉద్యోగాలు చేస్తూ సాయంత్రం వచ్చేవాళ్లకు ఇంగ్లీషు చెబుతుంటాను. టెన్సులు రెండు నెలల్లో పట్టుబడతాయి. ప్రిపోజిషన్లు మాత్రం ఏళ్లు గడిచినా ఇబ్బంది పెడుతూనే ఉంటాయి. 'ఇన్', 'ఆన్', 'ఎట్' విడివిడిగా తెలిసినవాళ్లు కూడా ఒక నౌన్ పక్కన ఏది పెట్టాలో దగ్గరకొచ్చేసరికి ఆగిపోతారు. క్లాసులో మళ్లీ మళ్లీ వినే ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను. ఇంగ్లీషు మాటలను కూడా తెలుగు లిపిలోనే రాశాను కాబట్టి ఒక్క మాట: 'ఆఫ్' అని కనిపించిన ప్రతిచోటా ఒకే ఎఫ్ ఉన్న 'ఆఫ్' అని చదువుకోండి.

'రీజన్'కి 'ఫర్' వస్తుంది, 'కాజ్'కి 'ఆఫ్' వస్తుంది. రెండింటికీ అర్థం కారణమే కదా, మరి ఈ తేడా ఎందుకు?

ఇది అడిగినవాళ్లకు ముందు నాలుగు తెలుగు మాటలు చూపిస్తాను. ఆయనంటే ఇష్టం. ఆయన మీద ప్రేమ. ఆయన పట్ల గౌరవం. ఆయనతో స్నేహం. నాలుగూ ఒకే మనిషి గురించి మన మనసులో ఉన్న మంచి భావాలే. అయినా ఒకచోట 'అంటే', ఒకచోట 'మీద', ఒకచోట 'పట్ల', ఒకచోట 'తో'. 'ఆయనతో గౌరవం ఉంది' అని ఎవరైనా అంటే మన చెవి వెంటనే పట్టేస్తుంది. ఎందుకు తప్పో చెప్పమంటే మాత్రం చెప్పలేం. గౌరవం అనే మాటను మనం ఒంటరిగా నేర్చుకోలేదు, 'పెద్దల పట్ల గౌరవం' అని మొత్తంగా విన్నాం. ఇంగ్లీషు ఇంటి భాషగా పెరిగినవాళ్లకు 'రీజన్ ఫర్' కూడా అలాగే వచ్చింది.

కాబట్టి లాజిక్ కొంతవరకే దొరుకుతుంది. ఆ కొంత కూడా పనికొచ్చేదే. 'కాజ్' అంటే ఒక సంఘటనను పుట్టించినది. 'ద కాజ్ ఆఫ్ ద ఫైర్' అంటే షార్ట్ సర్క్యూటో, ఆర్పని సిగరెట్టో. 'రీజన్' అంటే ఎందుకు అని అడిగితే మనం చెప్పే వివరణ. 'ద రీజన్ ఫర్ ద డిలే', 'ద రీజన్ ఫర్ మై ఆబ్సెన్స్'. 'కాజ్ ఫర్' అనేది కూడా ఉంది, కానీ అర్థం వేరు: 'దేర్ ఈజ్ నో కాజ్ ఫర్ కన్సర్న్' అంటే ఆందోళన పడాల్సిన అవసరం లేదని. మనవాళ్లు ఎక్కువగా రాసే తప్పు 'రీజన్ ఆఫ్'. దాన్ని ఈ రోజే వదిలేయండి.

'మీద' అంటే 'ఆన్' కదా? 'చదువు మీద ఆసక్తి'ని 'ఇంట్రెస్ట్ ఆన్ స్టడీస్' అంటే తప్పేంటి?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, మన తప్పుల్లో పెద్ద వాటా ఈ ఒక్క 'మీద' నుంచే వస్తోంది.

'ఇంట్రెస్ట్ ఆన్' అనేది ఇంగ్లీషులో నిజంగానే ఉంది, కానీ దానర్థం వడ్డీ. 'ఇంట్రెస్ట్ ఆన్ ద లోన్' అంటే అప్పు మీద వడ్డీ. ఆసక్తికి ఎప్పుడూ 'ఇంట్రెస్ట్ ఇన్'. ఉద్యోగం కోసం రాసే ఉత్తరంలో 'ఐ హావ్ ఇంట్రెస్ట్ ఆన్ యువర్ కంపెనీ' అని రాస్తే చదివేవాళ్లకు భావం అర్థమవుతుంది, కానీ మొదటి వాక్యంలోనే మన ఇంగ్లీషు బలహీనత బయటపడుతుంది.

తెలుగులో 'మీద' రెండు రకాల పనులు చేస్తుంది. ఒకటి, బరువు, ఒత్తిడి, దెబ్బ, ప్రభావం లాంటిది వచ్చి ఒకదానిపై పడటం. ఈ రకానికి ఇంగ్లీషులో కూడా 'ఆన్' సరిపోతుంది: ఎఫెక్ట్ ఆన్, ఇంపాక్ట్ ఆన్, అటాక్ ఆన్, ప్రెషర్ ఆన్, టాక్స్ ఆన్, బ్యాన్ ఆన్. వస్తువుల మీద పన్ను, ప్లాస్టిక్ మీద నిషేధం, పిల్లల మీద ఒత్తిడి. అన్నీ ధైర్యంగా 'ఆన్'తో రాయొచ్చు.

రెండోది, మనసులోని భావం. నమ్మకం, ప్రేమ, ఆసక్తి, గౌరవం, కోపం. ఇక్కడ తెలుగు 'మీద'ని మరిచిపోవాలి. నమ్మకానికి సంబంధించినవి 'ఇన్' తీసుకుంటాయి: ఫెయిత్ ఇన్ గాడ్, ట్రస్ట్ ఇన్ ద డాక్టర్, కాన్ఫిడెన్స్ ఇన్ హర్, బిలీఫ్ ఇన్ హార్డ్ వర్క్. ఇష్టం, గౌరవం వైపువి 'ఫర్' తీసుకుంటాయి: లవ్ ఫర్ మ్యూజిక్, రెస్పెక్ట్ ఫర్ ఎల్డర్స్, అఫెక్షన్ ఫర్ చిల్డ్రన్, పాషన్ ఫర్ క్రికెట్, అడ్మిరేషన్ ఫర్ ద టీమ్. కోపం 'యాంగర్ ఎట్', అనుమానం 'డౌట్ అబౌట్', వైఖరి 'యాటిట్యూడ్ టువర్డ్స్'.

ఈ గీత దాటే మాటలు కొన్ని ఉన్నాయి. 'మెర్సీ', 'పిటీ' అనేవాటిని 'హావ్'తో కలిపినప్పుడు 'ఆన్' వస్తుంది: 'హావ్ మెర్సీ ఆన్ అజ్', అచ్చం మన 'మా మీద దయ చూపండి' లాగే. ఆధారపడటం కూడా 'డిపెండెన్స్ ఆన్'. ఇలాంటివి తక్కువే, ఎదురైనప్పుడు విడిగా గుర్తుపెట్టుకుంటే చాలు.

'కి', 'కు' వచ్చినచోట 'టు' రాయాలా, 'ఫర్' రాయాలా?

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. అన్నిచోట్లా కాకపోయినా చాలాచోట్ల పనిచేస్తుంది.

ఒకటి వెళ్లి ఇంకొకదాన్ని చేరుతోందా, తాకుతోందా, దానికి అతుక్కుంటోందా? అయితే 'టు'. విజయవాడకు దారి: ద రోడ్ టు విజయవాడ. ప్రశ్నకు జవాబు: ద ఆన్సర్ టు ద క్వశ్చన్. సమస్యకు పరిష్కారం: ద సొల్యూషన్ టు ద ప్రాబ్లమ్. తలుపుకు తాళంచెవి: ద కీ టు ద డోర్. ఆరోగ్యానికి ముప్పు: ఎ థ్రెట్ టు హెల్త్. పెళ్లికి పిలుపు: యాన్ ఇన్విటేషన్ టు ద వెడ్డింగ్.

ఒకటి ఇంకొకదాని అవసరం తీర్చడానికి ఉందా, లేదా ఏదైనా కావాలని అడుగుతున్నామా? అయితే 'ఫర్'. నీళ్ల అవసరం: ద నీడ్ ఫర్ వాటర్. ఇళ్లకు గిరాకీ: ద డిమాండ్ ఫర్ హౌసెస్. దగ్గుకు మందు: మెడిసిన్ ఫర్ ఎ కాఫ్. ఉద్యోగానికి దరఖాస్తు: యాన్ అప్లికేషన్ ఫర్ ద జాబ్.

ఈ తేడా బాగా కనిపించేది టికెట్ దగ్గర. తెలుగులో సినిమాకి టికెట్, తిరుపతికి టికెట్, రెండింటికీ ఒకటే 'కి'. ఇంగ్లీషులో సినిమాకైతే 'ఎ టికెట్ ఫర్ ద మూవీ', ఊరికైతే 'ఎ టికెట్ టు తిరుపతి'. ఊరు మనం చేరుకునే చోటు.

నష్టం కూడా 'టు' జాబితాలోదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం విమానాశ్రయాన్ని బాగా దెబ్బతీసింది. దాన్ని 'ద డ్యామేజ్ టు ద ఎయిర్‌పోర్ట్' అనాలి, 'డ్యామేజ్ ఆఫ్ ద ఎయిర్‌పోర్ట్' కాదు. 'లాస్'కి మాత్రం 'ఆఫ్': లాస్ ఆఫ్ క్రాప్స్, లాస్ ఆఫ్ లైఫ్. ఇంకో జాగ్రత్త, 'డ్యామేజెస్' అని చివర ఎస్ చేరిస్తే కోర్టు ఇప్పించే నష్టపరిహారం అవుతుంది. ఇళ్లు, పొలాలు పాడైన సంగతి రాసేటప్పుడు ఎస్ వద్దు.

'డిస్కస్ అబౌట్' తప్పంటారు, 'డిస్కషన్ అబౌట్' ఒప్పంటారు. ఒకే మాట కదా?

ఒకే కుటుంబం, కానీ ఒకటి వెర్బ్, ఒకటి నౌన్. ఇంగ్లీషులో ఇలాంటి వెర్బ్ తన ఆబ్జెక్ట్‌ని నేరుగా తీసుకుంటుంది, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. నౌన్‌కి ఆ శక్తి లేదు. పక్క మాటతో కలవాలంటే దానికి ఒక ప్రిపోజిషన్ కావాలి. ఇది ఒక్కసారి మనసులో కూర్చుంటే పది తప్పులు ఒకేసారి పోతాయి.

'వి డిస్కస్డ్ ద ప్రాబ్లమ్', కానీ 'ఎ డిస్కషన్ అబౌట్ ద ప్రాబ్లమ్'. 'షి రిక్వెస్టెడ్ లీవ్', కానీ 'ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్'. 'దే డిమాండెడ్ హయ్యర్ వేజెస్', కానీ 'ఎ డిమాండ్ ఫర్ హయ్యర్ వేజెస్'. 'ఐ విజిటెడ్ హంపీ', కానీ 'మై విజిట్ టు హంపీ'. 'ద విలేజ్ లాక్స్ ఎ రోడ్', కానీ 'ద లాక్ ఆఫ్ ఎ రోడ్'. 'షి ఎంఫసైజ్డ్ క్వాలిటీ', కానీ 'ఎంఫసిస్ ఆన్ క్వాలిటీ'. 'హి మారీడ్ మై కజిన్', కానీ 'హిజ్ మ్యారేజ్ టు మై కజిన్'. ఆఫీసుల్లో రోజూ వినిపించే 'ఆర్డర్డ్ ఫర్ టీ' కూడా ఇదే తప్పు. 'ఆర్డర్డ్ టీ' అంటే సరిపోతుంది, నౌన్‌గా వాడితేనే 'యాన్ ఆర్డర్ ఫర్ టీ'.

మన దగ్గర 'డిస్కస్ అబౌట్' ఇంతగా పాతుకుపోవడానికి కారణం కూడా అర్థమవుతూనే ఉంది. తెలుగులో 'దాని గురించి చర్చించాం' అంటాం. ఆ 'గురించి' వచ్చి 'అబౌట్'గా కూర్చుంది.

వెర్బ్‌కో, అడ్జెక్టివ్‌కో ఏ ప్రిపోజిషన్ ఉంటే నౌన్‌కీ అదే వేయొచ్చా?

చాలాసార్లు వేయొచ్చు. అప్లై ఫర్, అప్లికేషన్ ఫర్. రిప్లై రెండు రకాలుగా వాడినా 'టు'నే. సక్సీడ్ ఇన్, సక్సెస్ ఇన్. మారేవి కొన్ని ఉన్నాయి, పరీక్షల్లో వాటినే అడుగుతారు. ప్రౌడ్ ఆఫ్, కానీ ప్రైడ్ ఇన్. ఫాండ్ ఆఫ్, కానీ ఫాండ్‌నెస్ ఫర్. కాన్ఫిడెంట్ ఆఫ్ సక్సెస్, కానీ కాన్ఫిడెన్స్ ఇన్ ద టీమ్. సింపతైజ్ విత్, కానీ ఎక్కువగా సింపతీ ఫర్.

రెజ్యూమెలో, కవర్ లెటర్‌లో ఎలాంటి తప్పులు ఎక్కువగా కనిపిస్తాయి?

ఒక ఉత్తరం మొత్తం చూపిస్తాను. బీటెక్ పూర్తిచేసిన ఒకమ్మాయి తొలి ఉద్యోగానికి పంపబోతూ నాకు చూపించింది. తెలివైన పిల్ల, ప్రోగ్రామింగ్ బాగా వచ్చు. అందులో వరసగా ఇలా ఉంది: 'ఐ హావ్ గుడ్ నాలెడ్జ్ ఇన్ జావా. ఐ హావ్ గుడ్ కమాండ్ ఓవర్ ఇంగ్లీష్. ఐ హావ్ పాషన్ ఆన్ కోడింగ్. ఐ హావ్ ఎక్స్‌పీరియన్స్ ఆఫ్ టూ మంత్స్ ఆన్ వెబ్ డిజైన్.'

నాలుగు వాక్యాలు, ప్రతిదాంట్లో నౌన్ పక్కనే ఇబ్బంది. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే సరిచేశాం. 'నాలెడ్జ్' ఇక్కడ 'ఆఫ్' తీసుకుంటుంది: గుడ్ నాలెడ్జ్ ఆఫ్ జావా. 'ఇన్' ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, 'జావాలో నాలెడ్జ్ ఉంది' అనుకుని రాశానంది. అదే మన 'లో'. 'కమాండ్' అంటే ఇక్కడ భాష మీద పట్టు, దానికి 'కమాండ్ ఆఫ్ ఇంగ్లీష్' అని రాయాలి. 'కమాండ్ ఓవర్' మన దేశంలో ఎంత వినిపించినా బయట ఎక్కువగా రాసేది 'కమాండ్ ఆఫ్' అనే. 'పాషన్ ఫర్ కోడింగ్' గురించి పైనే చెప్పాను. చివరిది 'టూ మంత్స్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ వెబ్ డిజైన్'గా మారింది.

'ఎక్స్‌పీరియన్స్' గురించి ఇంకో మాట. ఒక రంగం పేరు చెబితే 'ఇన్': ఎక్స్‌పీరియన్స్ ఇన్ టీచింగ్, ఇన్ బ్యాంకింగ్. ఒక పని చేసిన అనుభవం చెబితే 'ఆఫ్': ఎక్స్‌పీరియన్స్ ఆఫ్ లీడింగ్ ఎ టీమ్. ఒక పరికరమో, సాఫ్ట్‌వేరో అయితే 'విత్': ఎక్స్‌పీరియన్స్ విత్ ఎక్సెల్.

రెజ్యూమెలో నిజంగా 'ఇన్' రావాల్సినవి కూడా ఉన్నాయి: డిగ్రీ ఇన్ కామర్స్, డిప్లొమా ఇన్ మెకానికల్ ఇంజినీరింగ్, ప్రొఫిషియెన్సీ ఇన్ హిందీ, ఎక్స్‌పర్టీజ్ ఇన్ టెస్టింగ్. ఇక 'కమిట్‌మెంట్', 'డెడికేషన్', 'అటెన్షన్' మూడూ 'టు' తీసుకుంటాయి. 'అటెన్షన్ టు డీటెయిల్' అని రాయండి, 'అటెన్షన్ ఆన్' కాదు. బాధ్యతకు 'రెస్పాన్సిబిలిటీ ఫర్'.

ఆ అమ్మాయి ఉత్తరంలో ఇంకేమీ మార్చలేదు. నాలుగు చిన్న మాటలు మారేసరికి ఉత్తరం చదవడానికి హాయిగా అనిపించింది. ఎంత పని తెలిసినా ఈ నాలుగు మాటల వల్ల తక్కువగా కనిపించే పిల్లలు మన ఊళ్లలో ఎంతమందో, అందుకే దీని మీద ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

'టు' తర్వాత వెర్బ్ మొదటి రూపం రావాలి కదా? 'కమిట్‌మెంట్ టు ఇంప్రూవింగ్' ఎలా ఒప్పవుతుంది?

రెండు రకాల 'టు'లు ఉన్నాయి. 'ఎబిలిటీ టు లీడ్', 'డిసిషన్ టు గో'లో ఉన్నది ఇన్ఫినిటివ్ 'టు', దాని తర్వాత వెర్బ్ మొదటి రూపమే. 'కమిట్‌మెంట్ టు', 'సొల్యూషన్ టు', 'అబ్జెక్షన్ టు'లో ఉన్నది ప్రిపోజిషన్, దాని తర్వాత నౌన్ గానీ ఐఎన్‌జీ రూపం గానీ రావాలి. ఏది ఏదో తెలియకపోతే 'టు' తర్వాత ఒక మామూలు నౌన్ పెట్టి చూడండి. 'కమిట్‌మెంట్ టు క్వాలిటీ' బాగుంది, కాబట్టి 'కమిట్‌మెంట్ టు ఇంప్రూవింగ్' కూడా ఒప్పే. 'ఎబిలిటీ టు క్వాలిటీ' అతకదు, కాబట్టి అక్కడ ఐఎన్‌జీ రాదు.

మిగతా ప్రిపోజిషన్లన్నిటి తర్వాతా ఐఎన్‌జీయే: ఇంట్రెస్ట్ ఇన్ లెర్నింగ్, రీజన్ ఫర్ లీవింగ్.

ఐఈఎల్‌టీఎస్‌లో గ్రాఫ్ రాసేటప్పుడు 'ఇంక్రీజ్ ఇన్', 'ఇంక్రీజ్ ఆఫ్', 'ఇంక్రీజ్ బై' మూడూ కనిపిస్తాయి. ఎప్పుడు ఏది?

అకడమిక్ రైటింగ్‌లో మొదటి టాస్క్‌కి కనీసం 150 పదాలు రాయాలి. గ్రాఫ్ వచ్చిందంటే పెరుగుదల, తగ్గుదల గురించే పదిసార్లు రాయాల్సి వస్తుంది, అందుకే ఇది గట్టిగా నేర్చుకోవాలి.

కిలో టమాటా 30 రూపాయల నుంచి 50కి వెళ్లిందనుకోండి. ఏది పెరిగిందో చెప్పడానికి 'ఇన్': యాన్ ఇంక్రీజ్ ఇన్ ద ప్రైస్. ఎంత పెరిగిందో చెప్పడానికి 'ఆఫ్': యాన్ ఇంక్రీజ్ ఆఫ్ 20 రుపీస్. రెండూ ఒకే వాక్యంలో పెట్టొచ్చు: దేర్ వాజ్ యాన్ ఇంక్రీజ్ ఆఫ్ 20 రుపీస్ ఇన్ ద ప్రైస్ ఆఫ్ టొమాటోస్. 'బై' అనేది వెర్బ్‌కి: ద ప్రైస్ ఇంక్రీజ్డ్ బై 20 రుపీస్. చివరికి ఎక్కడికి చేరిందో చెప్పాలంటే 'టు': ఇట్ రోజ్ టు 50 రుపీస్.

'బై'కి, 'టు'కి తేడా పోతే లెక్కే తప్పుతుంది. 'రోజ్ బై 50' అంటే 80 అయిందని అర్థం. రైజ్, ఫాల్, డ్రాప్, డిక్రీజ్, చేంజ్ అన్నీ 'ఇంక్రీజ్' దారిలోనే నడుస్తాయి. 'ధరల పెరుగుదల' అనే తెలుగును పట్టుకుని 'ఇంక్రీజ్ ఆఫ్ ప్రైసెస్' అని రాయకండి.

సెలవు చీటీలో సరైనవి ఏవి?

అడిగేటప్పుడు 'రిక్వెస్ట్ ఫర్ లీవ్' లేదా 'అప్లికేషన్ ఫర్ లీవ్'. సెలవులో ఉన్నప్పుడు 'ఆన్ లీవ్', 'ఇన్ లీవ్' కాదు. 'ఆన్ డ్యూటీ' కూడా అలాగే. రాకపోవడానికి 'ఆబ్సెన్స్ ఫ్రమ్ కాలేజ్', 'ఆబ్సెంట్ ఫ్రమ్ కాలేజ్'. 'కాలేజీకి రాలేదు' అనుకుని 'ఆబ్సెంట్ టు కాలేజ్' రాసేవాళ్లు చాలామంది. ఎన్ని రోజులో చెప్పడానికి 'లీవ్ ఫర్ త్రీ డేస్'. ఉత్తరం ముగింపులో రాసే 'విత్ రిగార్డ్స్'లో ఎస్ ఉంటుంది, 'ఆ విషయానికి సంబంధించి' అనే అర్థంలో వచ్చే 'విత్ రిగార్డ్ టు'లో ఉండదు.

'ఫోన్‌లో మాట్లాడాను' అంటే 'ఇన్ ఫోన్' ఎందుకు కాకూడదు?

మన 'లో' ఎంత పెద్ద సంచి అంటే ఇంగ్లీషువాళ్ల మూడు నాలుగు ప్రిపోజిషన్లు దాంట్లో పట్టేస్తాయి. ఫోన్, టీవీ, రేడియో, ఇంటర్నెట్, వాట్సాప్, వెబ్‌సైట్ అన్నీ 'ఆన్': ఆన్ ద ఫోన్, ఆన్ టీవీ, ఆన్ వాట్సాప్. 'ఇన్ ద ఫోన్' అంటే ఫోన్ లోపల, సిమ్ ఉన్న చోటు. కాగితం మీద అచ్చయినవాటికి 'ఇన్': ఇన్ ద న్యూస్‌పేపర్, ఇన్ ద బుక్, ఇన్ ద ఫోటో. పేజీకి మాత్రం 'ఆన్': ఆన్ పేజ్ 12. ఎండలో, వానలో అన్నవి మాత్రం మనలాగే: ఇన్ ద సన్, ఇన్ ద రెయిన్.

బస్సులో వెళ్లాను: 'బై', 'ఆన్', 'ఇన్'లో ఏది?

ఎలా వెళ్లారో చెబితే 'బై', దాని తర్వాత 'ఎ', 'ద', 'మై' ఏవీ రావు: బై బస్, బై ట్రైన్, బై కార్. 'మై' వచ్చిందంటే 'బై' పోతుంది: ఇన్ మై కార్, ఆన్ మై స్కూటర్. లోపల లేచి నిలబడి నడవగలిగే బండికి 'ఆన్': ఆన్ ద బస్, ఆన్ ద ట్రైన్. కూర్చోవడం తప్ప నిలబడలేని కారు, ఆటో, టాక్సీలకు 'ఇన్'. ఎక్కి స్వారీ చేసే సైకిల్, బైక్, గుర్రానికి మళ్లీ 'ఆన్'. కాలినడకకు 'ఆన్ ఫుట్'.

డబ్బు విషయాల్లో ఏవి గుర్తుంచుకోవాలి?

నగదు ఇస్తే 'ఇన్ క్యాష్', చెక్కు ఇస్తే 'బై చెక్', కార్డుతో 'బై కార్డ్'. అరువుకి 'ఆన్ క్రెడిట్', వాయిదాల్లో 'ఇన్ ఇన్‌స్టాల్‌మెంట్స్', ముందుగా 'ఇన్ అడ్వాన్స్'. అయిదు వేల రూపాయల చెక్కు 'ఎ చెక్ ఫర్ 5,000 రుపీస్', కానీ రెండు లక్షల అప్పు 'ఎ లోన్ ఆఫ్ 2 లాక్ రుపీస్'. హెల్మెట్ లేదని వేసిన జరిమానా 'ఎ ఫైన్ ఆఫ్' అంత సొమ్ము, 'ఫర్' ఆ తప్పు. చీర మీద తగ్గింపు 'ఎ డిస్కౌంట్ ఆన్ ద శారీ'. ఇక్కడ 'మీద' చక్కగా కుదిరింది. 'ఫర్ సేల్' అంటే అమ్మకానికి ఉంది. 'ఆన్ సేల్' అంటే దుకాణంలో దొరుకుతోంది, లేదా తగ్గింపు ధరకు ఇస్తున్నారు. ఇంటి ముందు పెట్టే బోర్డుకి 'ఫర్ సేల్' సరైనది.

'ఆన్ టైమ్', 'ఇన్ టైమ్' ఒకటేనా?

కాదు. రైలు 6:10కి రావాల్సి ఉండి 6:10కే వస్తే 'ఆన్ టైమ్'. మీరు స్టేషన్‌కి 6:05కి పరుగెత్తుకొచ్చి ఆ రైలు అందుకుంటే 'ఇన్ టైమ్'. ఒకటి చెప్పిన సమయానికి జరగడం, ఇంకోటి సమయం మించిపోకముందే చేరడం. 'ఎట్ ది ఎండ్', 'ఇన్ ది ఎండ్' కూడా వేరు. 'ఎట్ ది ఎండ్' తర్వాత సాధారణంగా 'ఆఫ్' ఉంటుంది: ఎట్ ది ఎండ్ ఆఫ్ ద మంత్. 'ఇన్ ది ఎండ్' అంటే అన్నీ అయ్యాక, చివరికి.

పండగలకు ఏం వాడాలి?

పండగ రోజులన్నీ కలిపి చెబితే బ్రిటిష్ పద్ధతిలో 'ఎట్'. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ ఊళ్లో ఉన్నామంటే 'ఎట్ సంక్రాంతి'. ఆ ఒక్క రోజే అయితే 'ఆన్ సంక్రాంతి డే'. ఉదయం మామూలుగా 'ఇన్ ద మార్నింగ్', కానీ ఏ రోజు ఉదయమో చెప్పగానే 'ఆన్'కి మారిపోతుంది: ఆన్ సండే మార్నింగ్, ఆన్ ద మార్నింగ్ ఆఫ్ ఉగాది. రాత్రికి 'ఎట్ నైట్'.

ఒకే నౌన్‌కి రెండు మూడు ప్రిపోజిషన్లు ఉంటే ఏది సరైనది?

అన్నీ సరైనవే కావచ్చు, అర్థాలు వేరు. నాకు బాగా నచ్చే ఉదాహరణ 'టేస్ట్'. 'ద టేస్ట్ ఆఫ్ ఆవకాయ' అంటే ఆవకాయ రుచి, నాలుక మీద తగిలేది. 'ఎ టేస్ట్ ఫర్ ఆవకాయ' అంటే ఆవకాయంటే పడి చచ్చేంత ఇష్టం. 'టేస్ట్ ఇన్ మ్యూజిక్' అంటే సంగీతంలో ఒక మనిషి అభిరుచి ఎలాంటిదో. నౌన్ మారలేదు, పక్కనున్న చిన్న మాట మారేసరికి నాలుక నుంచి మనసుకు, అక్కడి నుంచి అభిరుచికి వెళ్లిపోయింది.

'వ్యూ' కూడా అంతే: 'ఎ వ్యూ ఆఫ్ ద సీ' కిటికీలోంచి కనిపించే సముద్రం, 'వ్యూస్ ఆన్ ఎడ్యుకేషన్' చదువు గురించి అభిప్రాయాలు. 'డిఫరెన్స్'కి రెండు వస్తువులను చెబితే 'బిట్వీన్', ఏ విషయంలో తేడానో చెబితే 'ఇన్': ఎ డిఫరెన్స్ ఇన్ ప్రైస్ బిట్వీన్ ద టూ షాప్స్. 'రెస్పాన్సిబిలిటీ ఫర్ ద వర్క్', కానీ 'రెస్పాన్సిబిలిటీ టు ద ఫ్యామిలీ'. పనికి బాధ్యత ఒకటి, మనుషుల పట్ల బాధ్యత ఇంకొకటి. 'ఇన్ ఛార్జ్ ఆఫ్' అంటే మీరే చూసుకుంటున్నారు. మధ్యలో 'ద' చేరి 'ఇన్ ద ఛార్జ్ ఆఫ్' అయిందంటే మిమ్మల్ని ఇంకొకరు చూసుకుంటున్నారు.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి 'ఆన్ ద వీకెండ్' అంటాడు, పాత పుస్తకంలో 'ఎట్ ద వీకెండ్' ఉంది. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ ఒప్పే. 'ఎట్' బ్రిటన్ పద్ధతి, 'ఆన్' అమెరికా పద్ధతి. 'ఇన్ హాస్పిటల్' బ్రిటన్, 'ఇన్ ద హాస్పిటల్' అమెరికా. 'ఇన్ ద స్ట్రీట్', 'ఆన్ ద స్ట్రీట్' కూడా ఇలాగే. ఒక ఉత్తరంలో ఒకే పద్ధతి పాటించండి, అంతకన్నా టెన్షన్ అక్కర్లేదు. రీజన్ ఫర్, ఇంట్రెస్ట్ ఇన్, డ్యామేజ్ టు లాంటి ముఖ్యమైన జంటలు రెండు దేశాల్లోనూ ఒకటే.

మొత్తం జాబితా ఇస్తే బట్టీ పడతాం. ఇస్తారా?

ఇవ్వను. నా దగ్గర చదివినవాళ్లలో జాబితా బట్టీ పట్టినవాళ్లు పరీక్ష దాకా గుర్తుంచుకుంటారు, మాట్లాడేటప్పుడు మళ్లీ 'ఇంట్రెస్ట్ ఆన్' అంటారు. దాని బదులు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. అందులో 'రీజన్' అని ఒంటరిగా ఎప్పుడూ రాయొద్దు, 'రీజన్ ఫర్' అనే రాయండి. దాని కింద మీ జీవితంలోంచి ఒక నిజమైన వాక్యం. మా క్లాసులో ఒక బ్యాంకు ఉద్యోగి 'ద రీజన్ ఫర్ మై ట్రాన్స్‌ఫర్ ఈజ్ మై మదర్స్ హెల్త్' అని రాసుకున్నారు. అమ్మ ఆరోగ్యం కోసం బదిలీ అడిగిన మనిషి ఆ 'ఫర్'ని ఇక మరిచిపోరు. రోజుకు మూడు చాలు. పేపరు చదివేటప్పుడు నౌన్ కింద గీత గీసి దాని కుడిపక్కన ఏముందో చూడటం ఇంకా మంచిది.

సందేహం వస్తే ఎక్కడ చూడాలి?

లెర్నర్స్ డిక్షనరీలో, అంటే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన నిఘంటువులో. తెలుగు అర్థం మాత్రమే ఇచ్చే నిఘంటువులో ఇది దొరకదు. లెర్నర్స్ డిక్షనరీలో నౌన్ దగ్గరే ఏ ప్రిపోజిషన్ వస్తుందో లావు అక్షరాల్లో ఇచ్చి, వెంటనే ఉదాహరణ వాక్యాలు ఇస్తారు. ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి. అర్థం చదివి మూసేయకండి, ఉదాహరణల్లోకి వెళ్లండి. ఈ రోజే 'యాక్సెస్' అనే మాట తీసి చూడండి. నౌన్‌గా దాని పక్కన 'టు' కనిపిస్తుంది, వెర్బ్‌గా చూస్తే ఏమీ ఉండదు.